చిరిగిన నాళంలో దారి

గర్భసంచి తీయించుకున్న వారం రెండు వారాలకు స్త్రీకి యోనిమార్గం నుంచి తెరిపి లేకుండా నీరు కారడం మొదలైతే, అది ఆపరేషన్ తాలూకు పచ్చిదనమేనని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకోవడం, ఆ స్త్రీ ఎవరికీ చెప్పుకోలేక గుడ్డలు మార్చుకుంటూ రోజులు నెట్టడం సాధారణంగా జరిగే పని. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. కనుక ఈ చిక్కు అరుదైనదే అయినా గుంటూరు వైపు కాకుమాను, పొన్నూరు, బాపట్ల ఊళ్లకు పరాయిది కాదు.

కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రాన్ని చేరవేసే మూత్రనాళం 25-30 సెంటీమీటర్ల పొడవుండి, గర్భాశయ ధమని అడుగుగా, గర్భాశయ ముఖద్వారానికి సుమారు 2 సెంటీమీటర్ల దూరంలో సాగుతుంది. గర్భసంచి తీసేటప్పుడు ఆ ధమనికి వేసే కుట్టులో నాళం చిక్కినా, రక్తం ఆపడానికి వాడే కాటరీ వేడి తగిలినా, నెత్తురు అందని గోడ కొన్నాళ్లకు చచ్చి రాలిపోయి మూత్రం యోనిలోకి దారి చేసుకుంటుంది. ఆ అడ్డదారినే ఫిస్టులా అంటారు. 1869లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ అనే సర్జన్ ఇటువంటి లీకేజీని ఆపడానికి మంచి కిడ్నీనే తీసివేశాడు. మనిషి ఒక్క కిడ్నీతో బతకగలడని అది నిరూపించింది గాని, రోగి చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

చికిత్సకు ముందు రంధ్రం ఎక్కడుందో తేలాలి. మూత్రాన్ని నారింజ రంగుకు మార్చే ఫెనాజోపైరిడిన్ మాత్ర మింగించి, కాథెటర్ ద్వారా మూత్రాశయంలోకి నీలి రంగు ద్రావణం ఎక్కించి, యోనిలో దూది ఉంచుతారు. దూది నీలమైతే చిల్లు మూత్రాశయానిది, నారింజ రంగుకు తిరిగితే మూత్రనాళానిది. ఇంత చవకైన పరీక్ష ఇంత స్పష్టంగా మాట్లాడటం వైద్యంలో తరచుగా కనిపించదు.

నాళానిదని తేలాక, కింది నుంచి మూత్రాశయం లోపలికి చూసే సిస్టోస్కోప్ ద్వారా గాని, అది కుదరకపోతే వీపు వైపు నుంచి అల్ట్రాసౌండ్ ఆధారంతో కిడ్నీలోకి సూది దించి గాని, నీటి తడికి జారుడుగా మారే సన్నని తీగను ఎక్స్‌రే తెర మీద చూస్తూ చిరుగు దాటిస్తారు. తీగ కొస చిరుగు దగ్గర పక్కదారి పట్టి బయట చుట్టలు చుట్టుకుంటుంది. బలం చూపితే చిరుగు పెరుగుతుంది గనుక, వెనక్కు లాగి, కొస తిప్పి, మళ్లీ వదలడమే ఇక్కడి పనితనం. తీగ దాటితే దాని మీదుగా రెండు కొసలూ వంపు తిరిగిన డీజే స్టెంట్ అనే మెత్తని గొట్టం అమర్చి, సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచుతారు. దాటకపోతే కిడ్నీకి వీపు నుంచి పైపు వేసి మూత్రాన్ని బయటి సంచిలోకి మళ్లిస్తారు. కొమ్మమూరు కాలువకు గండి పడితే పై లాకుల దగ్గర నీరు తగ్గించాకే గట్టు పూడ్చినట్టు, ఇక్కడా మళ్లింపే సగం వైద్యం. నాళం పూర్తిగా తెగి రెండు కొసలూ ఎడమైతే ఏ తీగా పనికిరాదు. అప్పుడు లాపరోస్కోపీతోనో, పొట్ట కోసో నాళాన్ని మూత్రాశయానికి తిరిగి అతకవలసిందే. కోత చిన్నదన్న మాట ప్రచారానికి బాగుంటుంది గాని, అసలు ఫలితం నాళం గోడ కొంతైనా నిలిచి ఉందా, రోగి ఎంత త్వరగా వచ్చింది అన్న రెండింటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

స్టెంట్ వేసినంత మాత్రాన పని ముగియదు. మూత్రాశయం బిగిసినప్పుడు మూత్రం ఆ గొట్టం గుండానే పైకి ఎగదన్ని చిరుగును తడుపుతుంది గనుక, మొదటి రోజుల్లో కాథెటర్ కూడా ఉంచి ఆ ఒత్తిడి తగ్గిస్తారు. నొప్పి లేదని నెలల తరబడి వదిలేసిన స్టెంట్ మీద ఉప్పు పేరుకుని రాయిలా గట్టిపడి, తీయడమే మరో ఆపరేషన్ అవుతుంది. అందువల్ల గుంటూరు ఆసుపత్రి నుంచి కాకుమానుకు తిరిగి వెళ్లే స్త్రీ చేతి కాగితం మీద స్టెంట్ తీయవలసిన తేదీ తెలుగులో ఉండటం, ఆ సంగతి ఊరి ఆశా కార్యకర్తకు కూడా తెలియడం చికిత్సలో భాగమే. తీసిన తరువాత కొన్ని నెలలకు స్కానింగ్ కూడా చేయాలి. మానిన చోట నాళం ఇరుకైతే లీకేజీ ఏమీ ఉండదు, నొప్పి కూడా ఉండకపోవచ్చు, కిడ్నీ మాత్రం లోలోపల ఉబ్బుతూ పోతుంది.