భయానకరసము - మన చలనచిత్రములు

భరతముని నాట్యశాస్త్రమున భయానకరసమునకు విభావములను చెప్పుచు వికృతధ్వనులు, నక్కలు, గుడ్లగూబలు, శూన్యగృహములు, అరణ్యగమనము అని వరుసగా పేర్కొని, వానితోపాటు స్వజనుల వధబంధములను చూచుటను, వినుటను గూడ చేర్చినాడు. మన చలనచిత్రకారులు ఈ పట్టికలో మొదటి భాగమును మిక్కిలి శ్రద్ధతో చదివినట్లున్నారు. పాడుబడిన బంగళాకును, కిఱ్ఱుమను తలుపునకును మన తెరపై కొదువ లేదు. స్వజనుల మాటను మాత్రము విడిచినారు. నిజముగా వణికించునది ఆ మాటయే యని నా యభిప్రాయము. తలుపు ధడాలున కొట్టుకొన్నప్పుడు ఉలికిపడుట భయము కాదు. వెనుకనుండి పిల్లవాడు కేక వేసినను ఉలికిపడుదుము. ప్రక్కనున్న మనిషి మన మెఱిగిన మనిషియేనా యను సందేహము పుట్టినప్పుడు గదా గుండె జారును!

2009లో కోడి రామకృష్ణ దర్శకత్వమున వెలువడిన 'అరుంధతి' కథ మా గద్వాలలో జరిగినట్లు కల్పింపబడినది. బంగళా మాత్రము బనగానపల్లె నవాబులది. (పండితులు విద్వద్గద్వాల యని కొనియాడిన సంస్థానమును నేటి బాలురు జేజమ్మ యూరుగా నెఱుగుట విచిత్రమే.) అందు సమాధినుండి లేచిన పశుపతిని జూచి జనులు జడిసిరి. నాకు ఆ ప్రేతముకంటె, బ్రతికియుండగా ఆ యింటి అల్లుడై తిరిగిన పశుపతి యెక్కువ భయంకరుడుగా కనబడినాడు. అంధురాలైన నాట్యాచార్యురాలిని చంపినవాడు గోడలు దూకి వచ్చినవాడు కాడు. పెండ్లిపందిరిలో కాళ్లు కడిగించుకొని వచ్చినవాడు. తరువాతి మంత్రతంత్రములలో ఈ భయము కొట్టుకొనిపోయినది.

'చంద్రముఖి' విషయము వేఱు. 1993లో ఫాజిల్ మలయాళమున తీసిన 'మణిచిత్రతాళు' దీనికి మూలము. అందు దయ్యము లేదు. ఒక గృహిణి మనస్సు చీలినది, అంతే. ఆమె తనకు సహజమైన మలయాళమును విడిచి అరవమున మాటలాడ నారంభించినంతనే భర్తకు తన భార్య కనబడదు. 2005లో పి. వాసు దీనిని అరవమున తీసినప్పుడు ఆ పరభాష తెలుగైనది. మనకు వచ్చినది దాని యనువాదము. అందు పాత్రలన్నియు తెలుగు మాటలాడుచుండగా ఈమె నోట అరవము వినబడును. రంగులు, నగలు, నాట్యము అన్నియు వచ్చినవి; వానితో అసలు వెఱపును పొలిమేర దాటినది. భయము ముఖమునకు పూసిన రంగులో కాక, తెలిసిన గొంతు తెలియనిదగుటలో నున్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

హెన్రీ జేమ్సు 1898లో ప్రకటించిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' ఇంకొక మెట్టు పైది. దీనినే 1961లో జాక్ క్లేటన్ 'ది ఇన్నొసెంట్స్' అను చిత్రముగా తీసినాడు. ఇద్దఱు పిల్లలకు చదువు చెప్ప వచ్చిన యువతికి ప్రేతములు కనబడును. అవి యున్నవో, ఆమె కల్పించుకొన్నవో కథకుడు తేల్చడు. తుదకు బాలుడు ఆమె చేతులలోనే ప్రాణము విడుచును. వేదాంతులు రజ్జుసర్పమును చెప్పుచు దీపము తెచ్చినంతనే పాము పోవునందురు. మంచిదే. కాని దీపము రాకముందే మనము కఱ్ఱ నెత్తి కొట్టితిమేని? కొట్టినది త్రాడైనచో నష్టము లేదు. మనిషియైనచో?

ఇది మా ప్రాంతమువారికి తర్కశాస్త్రములోని ప్రశ్న కాదు. మెదకు, మహబూబునగరు, నల్లగొండ సీమలలో బాణామతి యను మాట విననివారు లేరు. పశువు చచ్చినను, పడుచుపిల్ల వివశయై కేకలిడినను, పసివాని జ్వరము తగ్గకపోయినను, కారకు లెవరని వెదకుట కలదు. దిక్కులేని ముసలమ్మయో, ఒంటరి కుటుంబమో దొరకును. వారి పండ్లూడగొట్టుట, చెట్టునకు కట్టి కొట్టుట, ఒక్కొక్కచోట సజీవముగా తగులబెట్టుట జరిగినవి. పండ్లు లేనిచో దంత్యాక్షరములు సరిగా పలుకవనియు, అక్షరము తప్పిన మంత్రము పాఱదనియు వారి నమ్మకము. వర్ణోత్పత్తి ప్రకరణమును ఇంత క్రూరముగా నుపయోగించిన వైయాకరణులు మఱెచ్చటను లేరు!

2023లో కార్తీక్ వర్మ దండు తీసిన 'విరూపాక్ష' ఈ ఘట్టముతోనే మొదలగును. క్షుద్రపూజలు చేయుచున్నారని అనుమానించి గ్రామస్థులు దంపతులను చెట్టునకు కట్టి నిప్పు పెట్టుదురు. తెలుగు తెరపై నేను చూచిన భయానకదృశ్యములలో ఇంతటిది తక్కువ. అందఱు మనవారే, అందఱు తమ పిల్లలకై భయపడినవారే. భరతుడు అపరాధమువలన పుట్టు భయమును వేఱుగా నెన్నినాడు; దానికి ఇంతకు మించిన విభావ ముండదు. కాని దర్శకుడు ఆ చోట నిలువలేదు. దహింపబడుచున్న స్త్రీ శపించును, పండ్రెండేండ్లకు ఆ శాపము ఫలించును, ఊరిలో శవములు లేచును. అనగా చేతబడి నిజమే, గుంపు తొందరపడినదేమో గాని పొరబడలేదు! ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకొని, చేతులు దులుపుకొని ఇంటికి పోవచ్చును. కథనమున నేర్పు లేదనను; హాలులో నాకును రెండుమూడుసార్లు ఒడలు గగుర్పొడిచినది. కాని ఆ గగుర్పాటు ఇంటివఱకు రాలేదు.

నాకే ఆ చిత్రమును కత్తిరించు నధికార మున్నచో శాపమును తీసివేయుదును. పండ్రెండేండ్ల తరువాత ఊరిలో ఒక పిల్లకు జ్వరము వచ్చును. అది విషజ్వరమో మఱియేదియో తెలియదు. ఆనాడు కాగడా పట్టినవారు మరల రచ్చబండ దగ్గఱ చేరుదురు. వారిలో కిరాణా దుకాణదారుని, వార్డు మెంబరును, బడిపంతులును దగ్గఱనుండి చూపుదును. ఈసారి యెవరి యింటివైపు చూతమని వారు ఒకరి మొగ మొకరు చూచుకొనుచుండగా తెర దింపుదును.