ఉత్తమ ప్రభుత్వం ఏది? - హెరొడోటస్ చర్చపై ఒక విమర్శ

కాలేజీ వక్తృత్వ పోటీల్లో ఎన్నేళ్ళు గడిచినా పాతబడని విషయం ఒకటుంది: ఏ ప్రభుత్వ విధానం ఉత్తమమైనది? ఒక విద్యార్థి ప్రజాస్వామ్యమే మేలంటాడు. ఇంకొకడు మన దేశానికి కొంతకాలంపాటు కొరడా పట్టిన మనిషి కావాలంటాడు. మూడోవాడు చదువూ వివేకమూ వున్నవాళ్ళకే అధికారం వుండాలంటాడు. చప్పట్లు రెండోవాడికే ఎక్కువ పడడం నేను చాలాసార్లు చూశాను.

ఈ మూడు వాదాల్లో ఏదీ కొత్తది కాదు. సుమారు 2450 ఏళ్ళ క్రితం గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ తన గ్రంథం మూడో భాగంలో వీటిని ముగ్గురు పారశీక ప్రభువుల నోట పలికించాడు. ప్రభుత్వ రూపాలను ఒకదానితో ఒకటి పోల్చి తర్కించిన రచనల్లో మనకు దక్కినవాటిలో ఇది చాలా పాతది. రాజనీతి పాఠాలు ఆ మూడు ప్రసంగాలనూ గ్రంథంలోనుంచి కత్తిరించి విద్యార్థి చేతిలో పెడతాయి. అలా కత్తిరించడం వల్ల ఆ రచనలోని అసలు విమర్శ జారిపోతున్నదని నా అభిప్రాయం. ప్రసంగాలను వాటి ముందువెనుకల కథతో కలిపి చదివితే మనకు వేరే పాఠం దొరుకుతుంది.

సందర్భం ఇది. క్రీ. పూ. 522లో, పారశీక చక్రవర్తి కాంబైసెస్ చనిపోయిన కొద్దికాలానికి, సింహాసనం మీద కూర్చున్న ఒక మాగియన్ పూజారిని ఏడుగురు ప్రభువులు కుట్రపన్ని చంపారు. అల్లకల్లోలం సద్దుమణిగాక ఏడుగురూ సమావేశమై, ఇకమీదట దేశాన్ని ఎలా పాలించాలని చర్చించారు.

మొదట ఒటానెస్ మాట్లాడాడు. ఎవరికీ జవాబు చెప్పనక్కరలేనివాడు ఎంత మంచివాడైనా చెడిపోతాడన్నాడు. రాజుకు మదమూ అసూయా పుడతాయి, పూర్వాచారాలను తలకిందులు చేస్తాడు, స్త్రీలను చెరుస్తాడు, విచారణ లేకుండా చంపుతాడు. దీనికి బదులు చట్టం ముందు అందరూ సమానమైన పాలన రావాలి. ఆ పాలనకు అతను మూడు గుర్తులు చెప్పాడు: పదవులు చీటీల ద్వారా పంచాలి, పదవిలో వున్నవాడు తన పనికి లెక్క అప్పజెప్పాలి, నిర్ణయాలన్నీ జనసమూహం ముందుకు రావాలి.

తర్వాత మెగాబైజస్ లేచాడు. రాజు గురించి ఒటానెస్ అన్నదంతా నిజమేగాని, ఆ అధికారాన్ని జనానికివ్వడం ఇంకా తెలివితక్కువ పని అన్నాడు. రాజు చేసేది తెలిసి చేస్తాడు. జనానికి ఆ తెలివి కూడా లేదు, వరదలో ఏరులాగా కొట్టుకుపోవడమే తెలుసు. కాబట్టి ఉత్తములైన కొందరిని ఎంచుకుని వాళ్ళకు అధికారం అప్పగించాలి. ఆ ఉత్తముల్లో మనమూ వుంటామని చెప్పడం అతను మరిచిపోలేదు.

చివరికి దరియస్. మూడు విధానాలూ వాటివాటి ఉత్తమ రూపంలో వున్నాయనుకున్నా, ఉత్తముడైన ఒక్కడి పాలనను మించినది లేదన్నాడు. కొందరి పాలనలో ఒకరి మీద ఒకరికి పోటీ, పోటీ నుంచి ముఠాలు, ముఠాల నుంచి నెత్తురు. అందరి పాలనలో దుర్మార్గుల పొత్తులు, వాటిని అణచడానికి ప్రజల పక్షాన లేచే ఒక నాయకుడు. రెండు దారులూ కడకు ఒక్కడి దగ్గరికే చేరుతాయి. మనకు స్వేచ్ఛ తెచ్చిపెట్టినవాడు కూడా ఒక్కడే కదా అని సైరస్‌ను గుర్తుచేశాడు. మిగిలిన నలుగురూ దరియస్ వైపు మొగ్గారు.

తర్కంగా చూస్తే దరియస్ వాదంలో ఒక మోసం వున్నది. ఉత్తమ రూపాలను పోలుస్తానని మొదలుపెట్టి, ప్రత్యర్థుల విధానాలను మాత్రం అవి చెడిపోయిన దశలో చూపించాడు. తన విధానాన్ని చెడిపోని దశలోనే నిలిపాడు. ఒక్కడి పాలన చెడిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు అతను జవాబు చెప్పలేదు. కొరడా పట్టిన మనిషి కోసం వాదించే మన విద్యార్థి కూడా ఇదే పని చేస్తాడు. పార్లమెంటును చూపించేటప్పుడు లంచగొండి సభ్యుణ్ణి చూపిస్తాడు. నియంతను చూపించేటప్పుడు ఊహలోని సత్పురుషుణ్ణి చూపిస్తాడు.

ఈ మోసాన్ని హెరొడోటస్ తన నోట ఖండించలేదు. ఆ పని కథ చేత చేయించాడు. ముందుగా రాజును ఎన్నుకున్న తీరు చూడండి. సూర్యోదయాన ఎవరి గుర్రం మొదట సకిలిస్తే వాడు రాజు. దరియస్ గుర్రపువాడు ఒక ఆడగుర్రాన్ని అడ్డం పెట్టుకుని పన్నిన ఉపాయంతో దరియస్ గుర్రమే సకిలించింది. అందరిలో ఉత్తముడు ఏలాలన్న సిద్ధాంతం ఆచరణలో గుర్రపుశాలకు చేరింది. తర్వాత, ఏడుగురిలో ఒకడైన ఇంటాఫెర్నెస్ తనకున్న హక్కు ప్రకారం రాజు దగ్గరికి పోబోతే కాపలావాళ్ళు అడ్డుకున్నారు. అతను కోపంతో వాళ్ళ ముక్కుచెవులు కోశాడు. దరియస్ కుట్ర జరుగుతున్నదని అనుమానించి, ఇంటాఫెర్నెస్‌నూ, ఒక్క పెద్దకొడుకు తప్ప మిగిలిన కొడుకులనూ, బంధువులనూ చంపించాడు. అతని భార్య వాకిట్లో నిలబడి ఏడ్చి ఏడ్చి, ఆ పెద్దకొడుకునూ తన తోబుట్టువునూ మాత్రమే దక్కించుకుంది. సభలో ఒటానెస్ చెప్పింది ఇక్కడ అక్షరాలా జరిగింది.

దరియస్ సామ్రాజ్యాన్ని ఇరవై మండలాలుగా విడగొట్టి కప్పం నిర్ణయించాడు. హెరొడోటస్ ఆ పట్టిక యావత్తూ ఇచ్చాడు. బాబిలోన్ ఏటా ఇవ్వవలసినవి 1000 టాలెంట్ల వెండి, 500 మంది నపుంసకులుగా చేసిన బాలురు. సింధు ప్రాంతపు భారతీయులు ఇవ్వవలసినది 360 టాలెంట్ల బంగారు పొడి. పారశీకులకు మాత్రం కప్పం లేదు. సైరస్ తండ్రి, కాంబైసెస్ దొర, దరియస్ దుకాణదారుడు అని పారశీకులే చెప్పుకునేవారట. సభలో దరియస్ స్వేచ్ఛ అన్న మాట వాడాడు. అది ఎవరి స్వేచ్ఛో ఈ పట్టికలో వున్నది. ఆ 500 మంది పిల్లల తల్లులను కూడా ఏ ప్రభుత్వ విధానం ఉత్తమమని అడిగివుంటే చర్చ మరోలా నడిచేది. వాళ్ళకు సభలో చోటు లేదు.

ఇంతవరకూ ఒటానెస్ పక్షమే గెలిచినట్టు కనిపిస్తుంది. కాని హెరొడోటస్ అతన్ని కూడా వదిలిపెట్టలేదు. చర్చలో ఓడిపోయాక ఒటానెస్ ఏమన్నాడు? నాకు ఏలాలనీ లేదు, ఏలించుకోవాలనీ లేదు, కాబట్టి నేను పోటీలో లేను. నేనూ నా వంశమూ ఎవరికీ లోబడకుండా వుండేట్టు ఒప్పుకోండి అన్నాడు. ఒప్పుకున్నారు. అందరికీ సమానత్వం అడిగినవాడు తన ఇంటికి మినహాయింపు దొరకగానే తృప్తిపడ్డాడు. మన మధ్యతరగతి ఉదారవాదంలో ఈ లక్షణం ఇప్పటికీ కనిపిస్తూనే వుంది.

అంతకన్నా ఘోరమైనది సామోస్ ద్వీపం కథ. అక్కడి నియంత పాలిక్రటీస్ చనిపోయాక అధికారం మియాండ్రియస్ అనే అతని చేతిలో పడింది. అతను జనాన్ని సమావేశపరచి, నియంతృత్వం నాకు నచ్చదు, ఇకనుంచి అందరూ చట్టం ముందు సమానులని ప్రకటించాడు. ఒటానెస్ సభలో వాడిన గ్రీకు పదమే హెరొడోటస్ ఇక్కడా వాడాడు. ఐతే మియాండ్రియస్ తనకోసం ఆరు టాలెంట్ల ధనమూ, వంశపారంపర్యంగా ఒక పూజారి పదవీ కోరాడు. అప్పుడు ఊరి పెద్దల్లో ఒకడు లేచి, నీ పుట్టుకకు మమ్మల్ని ఏలే అర్హత లేదు, ముందు నీ చేతిలో ఆడిన డబ్బుకు లెక్క చెప్పు అన్నాడు. తాను వదిలితే ఇంకొకడు నియంత అవుతాడని మియాండ్రియస్‌కు అర్థమైంది. అధికారం వదల్లేదు. సామోస్ జనం స్వేచ్ఛగా వుండదలచుకోలేదని హెరొడోటస్ వ్యాఖ్యానించాడు.

ఈ వ్యాఖ్యతో నేను ఏకీభవించను. ఆ కథలో మాట్లాడింది జనం కాదు, ఊరి పెద్ద. అతని మొదటి మాట పుట్టుక అహంకారం, రెండో మాట న్యాయమైన ప్రశ్న. లెక్క అప్పజెప్పడం ఒటానెస్ చెప్పిన రెండో గుర్తు కదా! అడగవలసిన ప్రశ్న అడగకూడని కారణంతో వచ్చింది. దాన్ని అడిగే బలం సామాన్య జనానికి లేకపోవడమే సామోస్ విషాదం.

తర్వాత ఆ ద్వీపం మీదికి దరియస్ సైన్యాన్ని పంపాడు. ఎందుకు? పాలిక్రటీస్ తమ్ముడు సైలొసోన్ ఒకప్పుడు దరియస్‌కు ఒక అంగీ ఇచ్చాడు. ఆ బాకీ కింద అతనికి ద్వీపం ఇప్పించాలి. ఒక అంగీకి ఒక ద్వీపం! ఎవరినీ చంపవద్దని, బానిసలుగా పట్టవద్దని రాజు ఆజ్ఞ. కాని సంధి మధ్యలో ప్రత్యర్థులు పారశీక ప్రముఖులను చంపేసరికి, సేనాపతి ఆ ఆజ్ఞను పక్కకు నెట్టి, చేతికి చిక్కిన పెద్దవాణ్ణీ పిల్లవాణ్ణీ ఒకేలా నరకమన్నాడు. ఆ సేనాపతి ఒటానెస్! చట్టం ముందు సమానత్వాన్ని అంత అందంగా నిర్వచించినవాడు, పరాయి ప్రజల మీద ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని అధికారం చేతికి రాగానే తాను వర్ణించిన నిరంకుశుడే అయ్యాడు. తర్వాత ఆ ద్వీపంలో మళ్ళీ జనం స్థిరపడడానికి అతనే సాయం చేశాడనీ హెరొడోటస్ రాశాడు. చచ్చినవారు మాత్రం తిరిగి రాలేదు.

ఈ చర్చ నిజంగా జరిగిందా అని గ్రీకుల్లోనే అనుమానించినవారు వున్నారని హెరొడోటస్ ఒప్పుకుంటూ, జరిగిందని గట్టిగా అన్నాడు. బెహిస్తూన్ కొండ మీద దరియస్ మూడు భాషల్లో చెక్కించిన శాసనంలో అహురమజ్దా అనుగ్రహం వుంది, వంశక్రమం వుంది, తోడ్పడినవారి పేర్లు కూడా వున్నాయి. చర్చ మాత్రం లేదు. ప్రసంగాల్లో గ్రీకు నగరాల వాసనే ఎక్కువ. ఐనా రచన విలువ తగ్గదు.

ఇది గ్రీకుల సొత్తనీ అనుకోవద్దు. మహాపరినిర్వాణ సూత్రంలో అజాతశత్రువు వజ్జి గణం మీద దండెత్తదలచి మంత్రి వస్సకారుణ్ణి బుద్ధుడి దగ్గరికి పంపుతాడు. వజ్జులు తరచుగా సమావేశమై, ఐకమత్యంతో లేచి, ఐకమత్యంతో పనిచేసినంతకాలం వాళ్ళకు క్షీణత లేదని బుద్ధుడు చెబుతాడు. మంత్రి దీన్నుంచి తీసుకున్న పాఠం: యుద్ధంతో కాదు, భేదంతో కొట్టాలి! శాంతిపర్వంలో భీష్ముడు కూడా గణాలు లోపలి చీలికతోనే చెడతాయని ధర్మరాజుకు చెప్పి, మంత్రాంగం గణమంతా వినకూడదు, ముఖ్యులకే పరిమితం కావాలంటాడు. ఒటానెస్ మూడో గుర్తుకు ఇది సూటిగా ఎదురు. వైశాలిలో 7707 మంది రాజులని జాతక కథలు చెబుతాయి. ఆ వేల రాజుల పొలాలు దున్నిన దాసులూ కూలీలూ ఏ సభలో కూర్చున్నారు? వైశాలిని పొగిడే మన జాతీయవాద చరిత్రకారులు ఈ ప్రశ్న దగ్గర తొందరగా పేజీ తిప్పుతారు.

ఐతే ప్రభుత్వ రూపం వట్టి ముసుగు, లోపల వర్గపాలన ఒక్కటే నిజమని తేల్చేయవచ్చునా? మన శిబిరంలోనే ఇలా అనేవారు వున్నారు. ఇది తొందరపాటు. 1937లో మద్రాసు రాష్ట్రంలో ఎన్నికైన మంత్రివర్గం వచ్చినప్పుడు వోటు ఆస్తీ చదువూ వున్న కొద్దిమందిదే. జమీందారీ అలాగే వుంది. కాని ఆ పరిమిత చట్రంలోనే ప్రకాశం సంఘం జమీందారీ రైతుల స్థితి మీద 1938లో నివేదిక ఇవ్వగలిగింది. నిజాం రాజ్యంలో వెట్టి చేసే రైతుకు ఆ మాత్రం సందు కూడా లేక 1946లో తిరగబడ్డాడు. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు ఆస్తి సంబంధాలు మారలేదు, రూపమే మారింది. ఆ రూపం విలువ ఏమిటో జైళ్ళలో వున్నవారికి బాగా తెలిసింది.

రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి మనం ప్రవేశిస్తున్నామని అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగసభలో హెచ్చరించాడు. ఒటానెస్ ఆగిపోయిన చోటు నుంచి ఆయన ముందుకు నడిచాడు. వోటు సమానమైనంత మాత్రాన మనుషుల విలువ సమానం కాదని, ఆ వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే బాధితులే ఈ కట్టడాన్ని కూల్చుతారని చెప్పాడు. రూపాన్ని తీసిపారేయలేదు, రూపం ఒక్కటే చాలుననీ అనలేదు.

ఈ చర్చను బోధించే అధ్యాపకులు మూడు ప్రసంగాలకు మార్కులు వేయించి ఊరుకోకూడదు. ప్రతి విధానాన్నీ ఈ ప్రశ్నలతో పరీక్షించమనాలి: సభలో కూర్చున్నదెవరు? కప్పం కట్టేదెవరు? లెక్క అడిగే బలం ఎవరికుంది? 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగినప్పుడు, మస్టర్లు ఊరి మధ్య చదివి వినిపిస్తుంటే, ఆ రోజు నేను పనికే పోలేదు, ఆ డబ్బు ఎవరు తీసుకున్నారని కూలీలు అడగగలిగారు. సామోస్‌లో ఊరి పెద్ద అడిగిన ప్రశ్నే ఇది. ఇక్కడ అడిగింది కూలి మనిషి. అడిగిన ప్రతిచోటా డబ్బు తిరిగి రాలేదు. ఐనా ఏ విధానం మంచిదని మన విద్యార్థులు మళ్ళీ వాదించుకునేటప్పుడు, ఆ మనిషి ఏ విధానంలో భయం లేకుండా ఆ ప్రశ్న అడగగలదో, జవాబు రాబట్టగలదో అక్కడి నుంచి మొదలుపెట్టాలి.