అష్టతాలంలో రామారావు

"యా రామారావు గావాల మీకు?"

ఆళ్లగడ్డ శిల్పశాలలో పెద్దాచారి ఈ మాట అడగ్గానే మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఊరి కూడలిలో ఎన్టీఆర్ విగ్రహం పెట్టాలని బయల్దేరి వచ్చినవాళ్లం. సిమెంటు బొమ్మ వద్దు, ఫైబరు వద్దు, ఆళ్లగడ్డ రాయే కావాలని ఊరు పట్టుబట్టింది. ఎత్తు అనుకున్నాం, చందాలు అనుకున్నాం, దిమ్మె ఎక్కడ కట్టాలో అనుకున్నాం. ఏ రామారావో మాత్రం అనుకోలేదు. ఒకాయన నెమలిపింఛం పెట్టుకున్న కృష్ణుడన్నాడు. ఇంకొకాయన చైతన్యరథం మీది ఖాకీ బట్టలన్నాడు. మరొకరికి కాషాయం కట్టి తలపాగా చుట్టిన ముఖ్యమంత్రి కావాలి. మాలో అందరికంటే పెద్దాయన, ఆ రోజుల్లో రథం వెనక దుమ్ములో నడిచినవాడు, పంచె, లాల్చీ, కండువా, ఎత్తిన చెయ్యి అన్నాడు.

ఆచారి అన్నీ విన్నాడు. "మనిషొకడే గానీ నిలుపులు నాలుగు. ఆ నిలుపు తేల్చుకోని రాండి. మొగం సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

చివరికి పెద్దాయన చెప్పిన నిలుపే ఖాయమైంది. ఆ నిలుపు అన్న మాట మాత్రం నా మనసులో పడిపోయింది. విగ్రహం పూర్తయ్యేలోగా నాలుగుసార్లు ఆళ్లగడ్డ పోయాను. మూడుసార్లు ఊరి పని మీద, ఒకసారి కేవలం చూడ్డానికి.

నంద్యాల నుంచి కడప దారి పట్టి ఆళ్లగడ్డలో దిగితే ముందు చెవికి పని తగులుతుంది. రేకుల పందిళ్ల కింద ఉలి చప్పుడు, గ్రైండరు రొద, గాలిలో రాతిపొడి. వెంకటేశ్వరుడి పక్కన అంబేద్కర్, నంది పక్కన గాంధీ, సగం రాయిలో సగం బయట ఒక ఆంజనేయుడు. కొద్ది దూరంలోనే అహోబిలం. విజయనగర కాలపు మంటపాల స్తంభాలు అక్కడ ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఈ వీధిలో పనిచేసేవాళ్లకు పాఠ్యపుస్తకం అంత దగ్గర్లో ఉంది.

మా ఎదురుగానే రాయి ఎంచాడు ఆచారి. పడుకోబెట్టిన నల్లరాతి దిమ్మెల మీద చిన్న సుత్తెతో ఒక్కొక్కచోట కొట్టుకుంటూ, తల వంచి వింటూ పోయాడు. గంటలా పలికిన రాయికి జాజుతో గుర్తు పెట్టాడు. మూగగా మోగినదాన్ని వదిలేశాడు, లోపల ఎక్కడో పగులుంటుందట. పలికే తీరును బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని శాస్త్రంలో విభాగం ఉంది. ఒక మంచి రాయిని కూడా పక్కన పెట్టాడు, సన్నటి తెల్లగీత సరిగ్గా మొహం వచ్చేచోట అడ్డంగా పోతోందని. ఆ గీత మాకు కనపడనే లేదు. ఆయన నీళ్లు చల్లి చూపించాడు.

తర్వాత కొలతలు. ఇక్కడే నాకు ఈ పనిమీద గౌరవం రెండింతలైంది.

శిల్పశాస్త్రంలో విగ్రహం ముఖం పొడవే కొలబద్ద. దాన్ని తాలం అంటారు. తాలానికి 12 అంగుళాలు. ఈ అంగుళానికీ మన స్కేలు మీది అంగుళానికీ సంబంధం లేదు, ముఖంలో పన్నెండో వంతు అంతే. విష్ణువు వంటి పెద్ద దేవతలకు ఉత్తమ దశతాలం, అంటే 124 అంగుళాలు. మామూలు మనిషికి అష్టతాలం, 96. మొహం ఒకటే అయినా దేవుడికి ఒళ్లు పొడవు. గుడిలో మూలవిరాట్టు ముందు నిలబడితే మనకు కలిగే ఆ ఎత్తు భావనలో సగం ఈ లెక్కదే.

మరి రామారావుకు ఏ లెక్క? 1957లో మాయాబజార్ వచ్చినప్పటి నుంచి తెలుగిళ్లలో కృష్ణుడంటే ఆ మొహమే. క్యాలెండర్లలో, పూజగదుల్లో ఆ మొహానికి హారతులిచ్చిన జనం ఉన్నారు. మావాళ్లలో ఇద్దరు దేవుడి లెక్కే వెయ్యమన్నారు. ఆచారి ఒప్పుకోలేదు. "ఆయప్ప చెయ్యెత్తి ఓటడిగినోడు. దేవుడు ఓటడగడు గదా సామీ. మనిషి లెక్కే" అన్నాడు. బొగ్గుతో బ్రహ్మసూత్రం, అంటే నడినెత్తి నుంచి పాదాల మధ్యకు నిలువుగీత గీసి, 96 భాగాలు గుర్తు పెట్టుకున్నాడు.

ఆ నిర్ణయం సరైందని నేను నమ్ముతాను. ఎందుకంటే ఈ తేడా రామారావుకే బాగా తెలుసు. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ మళ్లీ చూడండి. దర్శకత్వం ఆయనదే, నిర్మాణం ఆయనదే, దాదాపు నాలుగు గంటల సినిమాను 43 రోజుల్లో తీశారు. అందులో కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు ముగ్గురూ ఆయనే. మాటలు వినపడకుండా చేసి చూశాను ఒకసారి. కృష్ణుడి బరువు ఒక కాలి మీద ఉంటుంది, నడుము ఓ పక్కకు, మెడ మరో పక్కకు. శిల్పులు త్రిభంగమనే దానికి దగ్గర. దుర్యోధనుడు రెండు కాళ్ల మీదా సమంగా బరువు మోపి, రొమ్ము ముందుకు తెచ్చి నిలబడతాడు, సమభంగం. కర్ణుడి దగ్గరకొచ్చేసరికి భుజాలు కొద్దిగా జారతాయి. కిరీటాలు తీసేసినా ఎవరెవరో చెప్పవచ్చు. నర్తనశాలలో బృహన్నల కోసం నలభై ఏళ్ల వయసులో వెంపటి చినసత్యం గారి దగ్గర కూచిపూడి అభ్యసించిన ఒళ్లు అది. ఆ ఒంటి మీద ఆయన చేసిన పనిని చెక్కడం అనడమే నాకు సబబుగా తోస్తుంది.

1949లో మనదేశంలో పోలీసు వేషంతో తెరమీదికొచ్చిన మనిషి, ముప్పైమూడేళ్ల తర్వాత మళ్లీ ఖాకీ తొడిగి వ్యాను ఎక్కాడు. 1982 మార్చి 29న పార్టీ పెట్టాడు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. మధ్యలో ఉన్నవి తొమ్మిది నెలలు, చైతన్యరథంగా మారిన ఒక పాత షెవర్లే వ్యాను, స్టీరింగు దగ్గర కొడుకు హరికృష్ణ, రోడ్డు పక్క స్నానాలు, రోడ్డు పక్క భోజనాలు. అంతకుముందు సినిమావాళ్లు రాజకీయాల్లోకి రాలేదని కాదు. 1967లోనే జగ్గయ్య ఒంగోలు నుంచి లోక్‌సభకు గెలిచారు. పక్క రాష్ట్రంలో ఎంజీఆర్ 1977 నుంచి ముఖ్యమంత్రి. అయితే వ్యాను కప్పునే వేదిక చేసుకుని ఊరూరా నిలబడటం అనే పనిని ఇంత శ్రద్ధగా మలచినవాళ్లు నాకు కనపడలేదు. వేదిక మీద ఉన్న నాయకుణ్ణి జనం ఎదురుగా చూస్తారు. వ్యాను మీదున్నవాణ్ణి కిందనుంచి చూస్తారు. కిందనుంచి చూస్తే గడ్డం, భుజం, చెయ్యి, ఇవే కనపడతాయి. ఆయన ఆ మూడింటితోనే మాట్లాడాడు. చూపును కిందికి దించి, దగ్గరగా నిలబడ్డ ముసలమ్మను చూస్తున్నట్టు చూసేవాడు. తెలుగువారి ఆత్మగౌరవం అన్న మాట చెప్పినప్పుడు మెడ ఎత్తేవాడు. ఇది మా పెద్దాయన చెప్పిన మాట.

రెండోసారి పోయినప్పుడు ఆచారి చేస్తున్న పని చూసి ఆశ్చర్యపోయాను. రాతిలో తల కాస్త ముందుకు వంగి ఉంది. "దిమ్మె ఏడడుగులు గదా. చక్కగా చెక్కితే కిందున్నోళ్లకు గడ్డమే కనపడతాది, ఆయప్ప ఆకాశం చూసినట్టుంటాది" అన్నాడు. రథం మీది మనిషి తన కంటితో కనిపెట్టిన కిటుకును ఈ శిల్పి కొలతతో కనిపెట్టాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ కింద నిలబడినవాళ్లను లెక్కలోకి తీసుకున్నారు.

ఎత్తిన చెయ్యి పెద్ద చిక్కు. కంచులోనైతే లోపల ఆధారం పెట్టి ఎంత బారైనా చాపవచ్చు. రాయి అలా ఓర్చుకోదు. మణికట్టు దగ్గర సన్నబడ్డదంటే చిన్న దెబ్బకే పోతుంది. అందుకే ఆచారి చేతికీ తలకూ మధ్య రాయిని చివరిదాకా తీయలేదు. వేళ్లన్నీ వచ్చాక, మెరుగు పట్టాక, చిన్న ఉలితో పగలంతా కూర్చుని కొద్దికొద్దిగా తొలిచాడు. ఆ రోజు శిల్పశాలలో గ్రైండరు ఆపించాడు, అదురు తగలకూడదని. చెయ్యి చెవి ఎత్తు దాటలేదు. మోచేతి కింద నుంచి కండువా అంచు జారినట్టు చెక్కి, ఆ మడతలో చేతికి ఆసరా దాచాడు. చూసేవాళ్లకు అది గాలికి కదిలిన గుడ్డ. బరువంతా మోస్తున్నది అదే. ఇంత అందమైన దొంగతనం నేను చూడలేదు.

పంచె కుచ్చిళ్ల గురించి ఎంతైనా చెప్పవచ్చు. ఒక్క మాటతో సరిపెడతాను. నూలుబట్ట మడత గుండ్రంగా వంగుతుంది, పట్టుబట్ట మడత కోసుగా విరుగుతుంది. ఆచారి కుచ్చిళ్లు పైన కోసుగా మొదలై కిందికి పోయేకొద్దీ గుండ్రమవుతాయి. గంజి పెట్టిన నూలుపంచె పొద్దుటి నుంచి కట్టుకుంటే ఎలా ఉంటుందో అలా.

నల్లరాతికి ఒక గుణముంది. చెక్కుతున్నంతసేపూ బూడిదరంగులో, ఉలిగాట్లతో తెల్లబారి ఉంటుంది. మొహం ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. మూడోసారి పోయినప్పుడు ఆచారి చెంబుడు నీళ్లు తెచ్చి మొహం మీద పోశాడు. ఒక్కసారిగా రాయి నల్లబడింది. కింది పెదవి, నవ్వీ నవ్వని ఆ మూల, బుగ్గ మీది నీడ, అన్నీ కనపడ్డాయి. పెద్దాయన చేతులు జోడించబోయి ఆగాడు. నీళ్లు ఆరిపోయాయి, మొహం మళ్లీ బూడిదలోకి పోయింది. దేవుడి విగ్రహమైతే చివర్న కన్ను తెరిపించే తంతు ఉంటుంది. మనిషి విగ్రహానికి అది లేదు. కనుపాపను కాస్త లోతుగా తొలిచి, అందులో నీడ నిలిచేలా చేశాడు. ఆ నీడే చూపు.

తిరుగుదారిలో పెద్దాయన బ్రహ్మంగారి మాట తీశాడు. మా జిల్లా బనగానపల్లెలోనే గదా ఆయన గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులు కాసింది, రవ్వలకొండలో కాలజ్ఞానం చెప్పింది. మొహాలకు రంగు పూసుకునేవాళ్లు రాజ్యమేలతారని ఆయన ఎప్పుడో చెప్పాడని సీమలో అందరూ అనుకుంటారు. ఉలి పట్టిన విశ్వబ్రాహ్మణులకు ఆయన కులగురువుతో సమానం. 1984 నవంబరులో, రామారావు ముఖ్యమంత్రిగా ఉండగానే, శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర విడుదలైంది. రామారావే బ్రహ్మంగారు, బాలకృష్ణ సిద్ధయ్య. జోస్యం చెప్పినవాడి వేషం జోస్యంలోని మనిషే వేశాడని ఈ ప్రాంతంలో ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. నాకూ ఆ మురిపెం ఉంది.

అయితే ఆ మనిషి పని ఇక్కడ చూడాలంటే సినిమా హాలుకు పోనక్కర్లేదు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పొలాల్లో తెలుగుగంగ ఉంది. 1983 ఏప్రిల్లో చెన్నైకి కృష్ణానీళ్లిచ్చే ఒప్పందం మీద సంతకాలైనప్పుడు ఇటు ముఖ్యమంత్రి ఎన్టీఆర్, అటు ముఖ్యమంత్రి ఎంజీఆర్. తెర మీద రాజుల వేషాలు కట్టిన ఇద్దరు. మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు ఇవ్వాలన్న మాట 1976 నాటిది. ఆ నీళ్లు పట్నం దాహానికే పోకుండా దారిలోని పొలాలకూ పారాలని, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో దాదాపు 5 లక్షల 75 వేల ఎకరాల లెక్క కలిపి, తెలుగుగంగ అని పేరు పెట్టింది రామారావు ప్రభుత్వం. వెలుగోడు దగ్గర దాదాపు 17 టీఎంసీల జలాశయం, అక్కడి నుంచి దక్షిణానికి కాలువ, ముందుకు పోతే బ్రహ్మంగారి పేరుతోనే బ్రహ్మంసాగర్. కాలువ తవ్వకంలోనూ కొలత వేళ్ల మీదే ఉంటుంది. వాలు ఎక్కువైతే గట్టు కోసుకుపోతుంది, తక్కువైతే ఒండ్రు పడుతుంది. ఆ వాలు లెక్కలు ఇంజనీర్లవి. ఏ పొలం మీదుగా పోవాలన్న పట్టుదల మాత్రం రాజకీయానిది.

నంద్యాలకు ఆయన చేసిన ఇంకొక పని ఉంది, దానికి రాయీ లేదు, కాలువా లేదు. 1991లో పి.వి.నరసింహారావు ప్రధాని అయ్యే నాటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కాదు. గంగుల ప్రతాపరెడ్డి ఖాళీ చేసిన నంద్యాల సీటులో నవంబరు ఉపఎన్నికకు నిలబడ్డారు. కాంగ్రెసును ఎదిరించడానికే పుట్టిన పార్టీ తెలుగుదేశం. ఆనాడు అసెంబ్లీలో ప్రతిపక్షనేత రామారావు. తెలుగువాడు తొలిసారి ప్రధాని అయ్యాడు గనక నంద్యాలలో తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టనని చెప్పాడు, నిలబెట్టలేదు. పి.వి. 5 లక్షల 80 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. నిలబడటమే విద్యగా బతికిన మనిషి ఒకచోట పక్కకు జరిగి నిలబడ్డాడు. ఎంతమంది నటులకు తెర మీద పక్క నటుడికి చోటివ్వడం తెలుసు?

తర్వాతి రోజుల్లోనూ ఈ నేల సినిమావాళ్లను చూస్తూనే ఉంది. 2009లో చిరంజీవి ప్రజారాజ్యం గెలిచిన 18 సీట్లలో ఆళ్లగడ్డ ఒకటి, గెలిచింది శోభా నాగిరెడ్డి. 2024 మేలో అల్లు అర్జున్ నంద్యాల వచ్చిన రోజు వీధులు నిండిపోయాయి. జనం రావడం వేరు, ఆ జనం ముందు ఎలా నిలబడాలో తెలియడం వేరు. రెండోదానికి ఏళ్లు పడుతుంది.

విగ్రహాన్ని లారీలో వరిగడ్డి మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతికి గోనెసంచులు చుట్టి పంపించారు. ఆచారి మాతోనే వచ్చాడు. క్రేను ఎత్తి దిమ్మె మీద దించుతుంటే పెద్దాయన జనంలోంచి ముందుకొచ్చి, పది అడుగుల దూరంలో, ఒకప్పుడు రథం ముందు నిలబడ్డట్టు నిలబడి తలెత్తాడు.

"ఇంగ కొంచెం ఎడంపక్కకు తిప్పండప్పా" అన్నాడు.

ఆచారి చేత్తో సైగ చేశాడు. తిప్పారు. రాతికళ్లలోని నీడ ఆయన మీదికి దిగింది.