‘చివరివాడు’ ఎవరి మాట? – ఇషి జీవితచరిత్రలో బోధన, మ్యూజియం సేకరణ

థియోడోరా క్రోబర్ రచించిన ‘ఇషి ఇన్ టూ వరల్డ్స్’ 1961లో వెలువడింది. మానవశాస్త్ర విద్యార్థులు తరతరాలుగా చదువుతూ వచ్చిన జీవితచరిత్ర ఇది. ఉత్తర అమెరికాలో మిగిలిన చివరి ‘అడవి ఇండియన్’ కథగా ఉపశీర్షిక దీనిని పరిచయం చేస్తుంది. ఆ ఉపశీర్షికలోని ‘అడవి’ అన్న విశేషణం మీద తరువాతి విమర్శకులు అభ్యంతరం తెలిపారు. ‘చివరి’ అన్న విశేషణం మాత్రం చాలాకాలం ప్రశ్నకు లోను కాలేదు. నిజానికి పరిశీలించవలసింది దానినే. అది శోకాన్ని సూచించే మాటగా కనిపించినా, పనిచేసిన తీరులో మ్యూజియం జాబితాకు చెందిన మాట. ఒక జాతిలో చివరివాడు మరణిస్తే అతని వస్తువులకూ, గొంతుకూ, దేహానికీ హక్కుదారులు ఉండరు. అప్పుడు వాటిని భద్రపరచిన సంస్థే యజమాని అవుతుంది. విశ్వవిద్యాలయ బోధన, మూలవాసుల సేకరణల సంరక్షణ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఈ మాట ఎంత సులభంగా శాస్త్రసత్యంగా మారుతుందో చూడడానికి ఇషి ఉదంతం కంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంజ్ బోయాస్ శిష్యుడు. 1901లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఫీబీ హర్స్ట్ ఇచ్చిన ధనంతో మానవశాస్త్ర శాఖ, మ్యూజియం ఆ ఒక్క సంవత్సరంలోనే ఏర్పడ్డాయి. కనుక అక్కడ పాఠం, సేకరణ కవలలుగా పుట్టాయని చెప్పవచ్చు. 1911 ఆగస్టు 29న ఓరోవిల్ సమీపంలోని ఒక పశువధశాల వద్ద ఆకలితో ఉన్న ఒక మధ్యవయస్కుడు పట్టుబడ్డాడు. వార్త తెలిసి క్రోబర్ సహచరుడు వాటర్‌మన్ వెళ్లి అతనిని శాన్‌ఫ్రాన్సిస్కోలోని మ్యూజియానికి తీసుకువచ్చాడు. యాహి సంప్రదాయంలో మనిషి తన పేరు తాను చెప్పుకోడు. అందుచేత క్రోబర్ అతనికి ‘ఇషి’ అని పేరు పెట్టాడు. యానా భాషలో ఆ మాటకు అర్థం ‘మనిషి’. 1916 మార్చి 25న క్షయవ్యాధితో మరణించేవరకు ఇషికి ఆ మ్యూజియమే నివాసం.

గ్రంథంలోని మొదటి భాగం, అంటే 1850, 60 దశకాలలో వలసవాసులు యాహి ప్రజలను వేటాడి చంపిన చరిత్ర, నేటికీ విలువైనది. బంగారపు వేట కాలపు కాలిఫోర్నియాను వీరగాథగా చెప్పుకొనే వాతావరణంలో ఆ హత్యలను హత్యలుగానే పేర్కొనడానికి రచయిత్రి వెనుకాడలేదు. మ్యూజియంలోని జీవితాన్ని చెప్పే రెండవ భాగంలోకి రాగానే కథనస్వరం మారుతుంది. ఆప్యాయత పెరుగుతుంది, ప్రశ్న తగ్గుతుంది. థియోడోరా ఇషిని ఎన్నడూ చూడలేదు. క్రోబర్‌తో ఆమె వివాహం 1926లో జరిగింది. గ్రంథం వెలువడేనాటికి భర్త మరణించి సంవత్సరం గడిచింది. (ప్రసిద్ధ నవలా రచయిత్రి అర్సులా లెగ్విన్ ఈ దంపతుల కుమార్తె.) ఆమెకు దొరికిన ఆధారాలు ఎక్కువగా సంరక్షకుల జ్ఞాపకాలు, ఉత్తరాలు. సంరక్షించినవారి కంటితో చూస్తే మ్యూజియం ఆశ్రయంగానే కనిపిస్తుంది.

ఆ ఆశ్రయంలో ఎవరు ఎవరికి నేర్పారు? ఆదివారం మధ్యాహ్నాలలో సందర్శకుల ముందు ఇషి బాణపు ములుకులు చెక్కి చూపేవాడు. వైద్యుడు శాక్స్‌టన్ పోప్‌కు విలువిద్య నేర్పాడు. మైనపు సిలిండర్ల మీద కథలు, పాటలు రికార్డు చేయించాడు. 1914 వేసవిలో క్రోబర్, వాటర్‌మన్, పోప్‌లను తన డీర్ క్రీక్ లోయకు తీసుకువెళ్లి స్థలాలు, మొక్కలు, వేటపద్ధతులు వివరించాడు. 1915 వేసవిలో ఎడ్వర్డ్ సపీర్ అతనితో కూర్చుని యాహి మాటలను నమోదు చేశాడు. అప్పటికే అతని ఆరోగ్యం క్షీణిస్తోంది. ఏ కొలతతో చూసినా ఇది ఆచార్యుడు చేసే పని. జీతం మాత్రం మ్యూజియం శుభ్రపరిచే సహాయకుడిగా నెలకు 25 డాలర్లు. థియోడోరా ఈ ఉద్యోగాన్ని ఇషి ఆత్మగౌరవానికి నిదర్శనంగా వర్ణిస్తుంది. అతను దానం కోరలేదు, పనిచేసి సంపాదించుకున్నాడు అన్నది ఆమె భావం. అది నిజమే కావచ్చు. అయితే అదే సంస్థ జ్ఞానాన్ని ఎవరి పేరున జమకట్టిందో, చీపురును ఎవరి చేతికిచ్చిందో ఆ జీతపు పద్దు చెబుతుంది. ఈ వైరుధ్యం దగ్గర గ్రంథం ఆగదు.

మరణానంతర ఘట్టం ఇంతకంటే క్లిష్టమైనది. ఇషి అంతిమదశలో ఉన్నప్పుడు క్రోబర్ న్యూయార్క్‌లో ఉన్నాడు. శవపరీక్ష వద్దని, శాస్త్రం పేరున మిత్రుని దేహాన్ని అప్పగించరాదని తీవ్రమైన మాటలతో ఉత్తరం వ్రాశాడు. అది చేరేసరికి ఆలస్యమైంది. శవపరీక్ష జరిగింది, మెదడును వేరుచేశారు. దేహాన్ని దహనం చేసి, చితాభస్మాన్ని ప్యూబ్లో మట్టిపాత్రలో ఉంచి కోల్మాలోని శ్మశానవాటికలో భద్రపరిచారు. క్రోబర్ వ్రాసిన ఆ ఉత్తరాన్ని థియోడోరా గ్రంథం పాఠకులకు చిరస్మరణీయం చేసింది. అదే సంవత్సరం అక్టోబరులో వ్రాసిన మరో ఉత్తరం కథ అందులో లేదు. అందులో క్రోబర్ స్మిత్సోనియన్ సంస్థకు చెందిన హర్డ్లిచ్కాకు ఆ మెదడును ఇవ్వజూపాడు, తరువాత పంపించాడు. మార్చిలో మిత్రుడిగా వద్దన్నవాడే అక్టోబరులో సంరక్షకుడిగా ఇవ్వజూపాడు. దీనిని కపటమనడం తేలిక. అంతకంటే కఠినమైన వివరణ ఒకటి ఉంది. అప్పటికే జాడీలో ఉన్న ఒక ‘వస్తువు’కు తగిన స్థానం మరో సేకరణలోనే ఉంటుందని భావించడం ఆయన వృత్తికి అలవాటైన ఆలోచన. అడగవలసిన బంధువులు ఎవరూ లేరు. ఎందుకంటే ఇషి ‘చివరివాడు’ కదా!

ఆ మాట బోధనలో ఎంత దూరం వెళ్లిందో 1925లో వెలువడిన క్రోబర్ ‘హ్యాండ్‌బుక్ ఆఫ్ ది ఇండియన్స్ ఆఫ్ కాలిఫోర్నియా’ చూపుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో తీరప్రాంతపు ఒహ్లోనీ ప్రజలు ఆచరణలో అంతరించినట్లేనని అందులో ఆయన తేల్చారు. ప్రజలు మాత్రం అక్కడే ఉన్నారు. పాఠ్యగ్రంథంలో లేనివారు ప్రభుత్వ గుర్తింపు కోసం పోరాడవలసి వచ్చింది. 1950 దశకంలో కాలిఫోర్నియా మూలవాసుల భూమి హక్కుల విచారణలో వారి పక్షాన ఆయనే సాక్ష్యమిచ్చారన్నది కూడా గుర్తుంచుకోవాలి. విశ్వవిద్యాలయం 2021లో భవనం నుండి ఆయన పేరును తొలగించినప్పుడు ఈ రెండు పార్శ్వాల మీదా చర్చ జరిగింది. నా దృష్టిలో పేరు తొలగింపు చిన్న విషయం. పేరు తీసినంత మాత్రాన జాబితాలోని విశేషణం మారదు.

విశేషణాన్ని మార్చినది వేరొక చర్య. 1997లో బ్యూట్ కౌంటీకి చెందిన మైదూ ప్రజలు ఇషి అవశేషాలను సొంతగడ్డకు తెచ్చుకోవాలని కదిలారు. మెదడు ఎక్కడుందో అప్పటికి బహిరంగంగా తెలియదు. మానవశాస్త్ర ఆచార్యుడు ఒరిన్ స్టార్న్ గ్రంథాలయంలో భద్రపరచిన ఉత్తరాలను వెదకి స్మిత్సోనియన్ జాడ పట్టాడు. ఆ అన్వేషణను 2004లో ‘ఇషీస్ బ్రెయిన్’ గ్రంథంగా వెలువరించాడు. 2000 ఆగస్టులో స్మిత్సోనియన్ సంస్థ మెదడును యానా సంతతివారున్న రెడ్డింగ్ రాంచెరియా, పిట్ రివర్ తెగలకు అప్పగించింది. చితాభస్మంతో కలిపి వారు తమ పద్ధతిలో ఖననం చేశారు. అంటే బంధువులు ఉన్నారు. ఎనభై నాలుగేళ్లపాటు వారిని ఎవరూ అడగలేదు, అంతే.

ఇక్కడ బోధన, సంరక్షణ కలయికే దోషమని నిర్ణయిస్తే తొందరపాటు అవుతుంది. ఇషి చెక్కిన ములుకులను బర్కిలీ మ్యూజియంలోనే పనిచేసిన పురావస్తు పరిశోధకుడు స్టీవెన్ షాక్లీ 1990 దశకంలో తిరిగి పరిశీలించాడు. యాహి స్థలాలలో దొరికిన ములుకులతో పోల్చాడు. ఇషి శైలి పొరుగువారైన వింటూ, నోమ్లాకీ ప్రజల పద్ధతికి దగ్గరగా ఉందని వాదించాడు. ఈ వాదన నిలిస్తే, ఒంటరి ‘శుద్ధ’ యాహి అన్న చిత్రం చెదిరిపోతుంది. పెళ్లిళ్ల ద్వారానో ఆశ్రయం ద్వారానో తెగల మధ్య రాకపోకలు సాగిన మనిషి బంధుత్వాలు ఆ రాతి అంచులలో కనిపిస్తాయి. సేకరణ జాగ్రత్తగా నిలిచి ఉండబట్టే తన మీద అతికించిన చీటీని తానే ఖండించగలిగింది. అదే విశ్వవిద్యాలయంలో బోధించిన అనిషినాబే రచయిత జెరాల్డ్ విజెనార్ పట్టుబట్టగా, 1993లో అక్కడి ఒక భవన ప్రాంగణానికి ఇషి పేరు పెట్టారు. తరగతి గదిలోకి మూలవాసి ఆచార్యుడిగా ప్రవేశించినప్పుడు ప్రశ్న అడిగే దిశ మారింది.

ఈ చర్చ తెలుగు పరిశోధకులకు దూరపు సంగతి కాదు. 1940 దశకంలో ఉస్మానియాలో బోధించిన హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మీద ప్రామాణిక గ్రంథం వ్రాశాడు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు లండన్‌లోని సోయాస్‌కు చేరాయి. కాని మార్లవాయిలో 1943లో ఆయన చొరవతో మొదలైన శిక్షణ కేంద్రం గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసింది. ఒకే వ్యక్తి కృషిలో ఒక పాయ దూరతీరానికి వెళ్లింది, మరొక పాయ ఊరిలో నిలిచింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలుగులోకి తెచ్చిన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆ వ్రాతప్రతులను చదవగల కొద్దిమంది పెద్దలు ఆ గ్రామంలోనే ఉండడం వల్లనే లిపి తిరిగి పాఠమైంది. వారు లేరనుకొని ప్రతులను మాత్రమే పెట్టెలో భద్రపరిచి ఉంటే అది మరొక ‘చివరి లిపి’ అయ్యేది.

మన జానపద, గిరిజన పరిశోధనల శీర్షికలలో ‘అంతరించిపోతున్న’ అన్న విశేషణం ఎంత తరచుగా వస్తుందో పరిశోధక మిత్రులకు తెలియనిది కాదు. ఆ మాట వాడే ముందు ఎవరిని అడిగి నిర్ధారించుకున్నామో సిద్ధాంతవ్యాసం చెప్పాలి. ఆధారగ్రంథాల పట్టికలో అచ్చు పుస్తకం వ్రాసినవారికి చోటు ఉంటుంది. నెలల తరబడి పాటలు, వైద్యం, వంశకథలు నేర్పినవారు అనుబంధంలోని ‘వక్తల పట్టిక’లో పేరు, వయస్సు, గ్రామం అన్న మూడు గడులలో సర్దుకుంటారు. ఆ పట్టికకు మరో రెండు గడులు చేర్చడానికి ఏ నిబంధనా అడ్డు రాదు: రికార్డు చేసిన ప్రతి ప్రస్తుతం ఎక్కడ ఉంది, దాని నకలు చెప్పినవారి ఇంటికి ఎప్పుడు చేరింది.