‘సైలెంట్ స్ప్రింగ్’ - రాబోవు విషమును ముందుగా గుర్తించుట

ఒక రసాయనము వలన కలుగు కీడును తెలిసికొనుటకు రెండు మార్గములు కలవు. దానిని వాడి, నష్టము జరిగిన పిమ్మట లెక్క తీయుట మొదటిది. దాని గుణములను బట్టి రాబోవు నష్టమును ముందే ఊహించుట రెండవది. అమెరికా జీవశాస్త్రజ్ఞురాలు రేచెల్ కార్సన్ 1962లో ప్రకటించిన ‘సైలెంట్ స్ప్రింగ్’, అనగా నిశ్శబ్ద వసంతము, ఈ రెండవ మార్గమును సామాన్య పాఠకులకు చూపిన గ్రంథము. దానిని మెచ్చుకొన్నవారు పెక్కురు. కాని ఎన్.టి.ఆర్. జిల్లా తిరువూరు డివిజనులోని రెడ్డిగూడెము వంటి మామిడి తోటల సీమకు ఆ గ్రంథపు పద్ధతి ఎంతవరకు పనికివచ్చును, ఎచ్చట చాలదు అని పరీక్షించుట మనకు ఎక్కువ లాభకరము.

గ్రంథము ఒక కల్పిత కథతో ఆరంభమగును. ఒక ఊరిలో పక్షులు కూయవు. కోళ్లు పొదిగినను పిల్లలు కావు. మనుష్యులకు అంతుపట్టని జబ్బులు వచ్చును. ఈ కష్టములన్నియు ఒకే ఊరికి వచ్చినట్లు తాను ఎరుగనని రచయిత్రియే చెప్పినది. అయినను విమర్శకులు ఎక్కువగా పట్టుకొన్నది ఈ కథనే. నిజమునకు గ్రంథములో బలహీనమైన భాగమిదే. భయము పాఠకుని మేల్కొల్పగలదు గాని, ఏ రసాయనమును అనుమానింపవలెనో, దేనిని విడువవచ్చునో చెప్పజాలదు.

గ్రంథపు బలమంతయు కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అను సరస్సు వృత్తాంతములో ఉన్నది. చిన్న దోమల వంటి పురుగులను చంపుటకు అచ్చట 1949లో డి.డి.డి. అను మందు కలిపిరి. 1954లోను, 1957లోను మరల కలిపిరి. చివరి రెండు పర్యాయములు 5 కోట్ల పాళ్ల నీటికి మందు 1 పాలు మాత్రమే. అనగా పది లక్షలలో 0.02 పాలు. ఇంత స్వల్పమైనది ఏమి చేయగలదని తోచును. కాని నీటిలోని సూక్ష్మజీవులలో అది పది లక్షలకు 5 పాళ్లయినది. చేపలను తిను గ్రీబ్ అను నీటిపక్షుల కొవ్వులో 1,600 పాళ్లయినది. విద్యార్థులు భాగించి చూడవచ్చును: నీటిలో ఉన్నదానికి ఇది 80,000 రెట్లు.

దీని నుండి మూడు ప్రశ్నలు పుట్టును. ఈ పదార్థము త్వరగా విరిగిపోవునా? నీటిలో కరుగునా, కొవ్వులో కరుగునా? ఒక ప్రాణి నుండి దానిని తిను ప్రాణికి పోయినకొలది పెరుగునా? ఈ ప్రశ్నలకు సమాధానము ప్రయోగశాలలోనే చాలవరకు దొరకును. పక్షులు చచ్చువరకు వేచియుండ నక్కరలేదు.

ఎండోసల్ఫాన్‌ను ఈ గీటురాయి మీద పెట్టి చూడుడు. ఇది 1950ల నాటి మందు. నేలలో నిలుచును, ప్రాణుల దేహములలో చేరును. కేరళలోని కాసరగోడు జీడిమామిడి తోటలపై హెలికాప్టర్లతో దానిని ఏండ్ల తరబడి చల్లిరి. సుప్రీంకోర్టు దాని వాడకమును నిలిపినది 2011 మే 13న. నిలువ, కూడిక, దూర ప్రయాణము, విషగుణము అను లక్షణములనే ప్రమాణముగా గైకొన్న స్టాక్‌హోం ఒప్పందము 2001 నాటిది. శాస్త్రమునకు తెలిసినది చట్టమునకు చేరుటకు ఇంత కాలము పట్టినది.

నేడు మామిడి రైతు ఎరిగిన మరియొక మందు పాక్లోబ్యూట్రజాల్. కల్టార్ అను పేరుతో దానిని పాదులో పోయుదురు. అది చెట్టులోని జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకొని, కొమ్మల ఎదుగుదలను తగ్గించి, పూత తెప్పించును. మనుష్యునికి వెంటనే ప్రమాదము కలిగించునది కాదని దానిని చులకన చేయరాదు. అది నేలలో నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాదికి మించియు నిలుచును. ఏటేట పోసిన పాదులో ఎంత మిగిలినది, తరువాత వేయు పైరుకు ఏమగును అని నేడే కొలువవలెను. కార్సన్ ప్రశ్నలు ఇచ్చట చక్కగా పనిచేయును.

కాని అన్నిచోట్ల పనిచేయవు. పశువులకిచ్చు డైక్లోఫినాక్ దేహములో చిరకాలము నిలుచునది కాదు. మెట్టుమెట్టుకు పెరుగునది కాదు. అయినను మందు పుచ్చుకొని చచ్చిన పశువును తిన్న రాబందులకు మూత్రపిండములు చెడినవి. మూడు జాతులు నూటికి 90కి పైగా నశించినవి. కారణము 2004లో తేలినది. 2006లో పశువైద్యమునకు దాని తయారీని నిలిపిరి. పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారముల మురుగును శుద్ధి చేసి వదలిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు 2007లో ప్రకటితమైనది. అట్టి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులే మిగులును. పురుగులు మందునకు అలవాటుపడునని కార్సన్ హెచ్చరించినది గాని, రోగికి వాడు ఔషధమే నీటిలో చేరి ఇట్టి పని చేయునని ఆమె గ్రంథము వలన ఊహింపజాలము. కనుక నాలుగవ ప్రశ్న చేర్చవలెను: ఇది ఎవరిని ఉద్దేశించినది, ఉద్దేశింపని ఏ ప్రాణికి చేరును?

మన విధానపు పెద్ద లోపము పేరు పేరున నిషేధించుట. ఎసిక్లోఫినాక్ పశువు దేహములో డైక్లోఫినాక్‌గా మారును. అయినను పశువులకు దాని వాడకమును నిషేధించినది 2023లో. నడుమ 17 ఏండ్లు గడచినవి! గుణమును బట్టి వర్గమునంతటిని విచారించి యుంటే ఈ ఆలస్యము ఉండదు.

ముందుచూపు అనగా మందులన్నిటిని మాన్పించుట కాదు. తేనెమంచు పురుగు పూతను మాడ్చిన రైతుకు అట్టి బోధ గిట్టదు. కార్సనూ అట్లు కోరలేదు. అనుమతికి ముందు ఆ నాలుగు ప్రశ్నలు అడుగవలెను. అనుమతి పిమ్మట నేలను, బావినీటిని ఏటేట పరీక్షింపవలెను.

పురుగుమందు డబ్బాపై ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో ఒకటి గల గుర్తు ఉండును. అది నోటికో చర్మమునకో తగిలిన మందు ఎంత కొద్ది మోతాదులో చంపునో తెలుపును. నేలలో ఎన్నాళ్లుండునో, మరి ఏ ప్రాణికి చేరునో తెలుపదు. ఉపాధ్యాయులు తరగతిలో ఆ గుర్తు బొమ్మను గీసి, అది చెప్పునదేమి, చెప్పనిదేమి అని అడిగినచో ఈ గ్రంథపు సారము విద్యార్థులకు అందినట్లే.