ఆకు అంచు చదివేవారు

ముక్త్యాల చుట్టూ సిమెంటు కోసం తవ్వే సున్నపురాయిలో ఆకు ముద్రలు వెతకడం దండగ. నేల మీద చెట్లు పుట్టకముందే పేరుకున్న రాయి అది. గోదావరి జిల్లాల రాఘవాపురం పొరల్లో టిలోఫిల్లం అనే మొక్క ఆకులు దొరికాయి గానీ, అవి పూలమొక్కల వంశం కాదు. ఆకు అంచులను బట్టి నాటి వాతావరణం చెప్పే లెక్క పూలజాతి చెట్లకే నప్పుతుంది: వెచ్చని చోట నున్నటి అంచులవి ఎక్కువ, చలిచోట రంపపు పళ్లవి ఎక్కువ. బెయిలీ, సినాట్ అనే వృక్షశాస్త్రవేత్తలు ఈ సంగతి 1915లోనే గుర్తించారు.

ఇలా ఆకు ముద్రలు చదివేవారి ఓపికకు దండం పెట్టాలి. పలక చీల్చి ఒక్కో ఆకు అంచు, కొన, పరిమాణం రాసుకుంటారు. ఇరవై రకాలైనా లేనిదే నోరు విప్పరు. నాటి గాలిలోని వేడినీ తేమనూ తేల్చి, సముద్రమట్టపు విలువతో పోల్చి ఆ చోటి ఎత్తు లెక్కకడతారు. దక్షిణ టిబెట్‌లోని నామ్లింగ్‌లో దొరికిన ఆకులతో, ఆ ప్రాంతం కోటిన్నర ఏళ్లుగా దాదాపు ఇప్పటి ఎత్తులోనే ఉందని 2003లో చెప్పింది ఈ లెక్కతోనే.