ధ్యానమును కొలిచిన పుస్తకము

ధ్యానమును గూర్చిన పుస్తకములకు మన దేశమున కొదువ లేదు. వానిలో పెక్కింటికి ఆత్మజ్ఞానమే గమ్యము. ధ్యానమున కూర్చున్నవాని నాడి నిమిషమునకు ఎన్నిసార్లు కొట్టుకొనును, అతడు ఎంత ఆమ్లజనిని వినియోగించును అను ప్రశ్నలతో వానికి పని లేదు. 1975లో అమెరికాలో వెలువడిన ‘ది రిలాక్సేషన్ రెస్పాన్స్’ అను చిన్న గ్రంథము ఈ ప్రశ్నలనే ముందుంచినది. మిరియం క్లిప్పర్ తోడ్పాటుతో దీనిని రచించిన హెర్బర్ట్ బెన్సన్ (1935–2022) హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన హృద్రోగ నిపుణుడు. గ్రంథనామమునకు ‘విశ్రాంతి ప్రతిచర్య’ అని అర్థము చెప్పుకొనవచ్చును. నేడు కొన్ని పాఠశాలలలో పరీక్షలకు ముందు విద్యార్థులచే ధ్యానము చేయించుచున్నారు. కావున ఈ గ్రంథము ఏమి చూపినది, ఏమి చూపలేకపోయినది అని విచారించుట ఉపాధ్యాయులకు అవసరము.

గ్రంథకర్త వాదమునకు పునాది శరీరధర్మశాస్త్రము. పొలముగట్టున నడచుచున్నవానికి పాము ఎదురైనదనుకొందము. క్షణములో గుండె వేగము హెచ్చును; శ్వాస త్వరితమగును; రక్తపుపోటు పెరుగును; మూత్రపిండములపై నున్న గ్రంథులు ఎడ్రినలిన్‌ను విడుదల చేయును. పోరాడుటకో, పారిపోవుటకో దేహము ఇట్లు సిద్ధపడునని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ ఇరువదవ శతాబ్ది ఆరంభమున వివరించెను. ప్రశ్నపత్రము చేతికందినపుడు విద్యార్థి దేహములోను ఈ యంత్రాంగమే కొంతవరకు కదలును. కాని అచ్చట పోరాడుటకు గాని, పారిపోవుటకు గాని వీలుండదు. దీనికి ఎదురైన ప్రశాంత స్థితి కూడ దేహములోనే నిక్షిప్తమై యున్నదనియు, దానిని మేల్కొల్పు సాధనములలో ధ్యానము ఒకటి మాత్రమేననియు బెన్సన్ సిద్ధాంతము. పిల్లుల మెదడులోని ఒక భాగమును విద్యుత్తుతో ప్రేరేపించి ఇట్టి స్థితిని కలిగించిన వాల్టర్ హెస్ పరిశోధనలను ఆయన ఆధారముగా గైకొనెను. స్విట్జర్లాండు దేశీయుడైన హెస్ 1949లో నోబెల్ బహుమతి పొందినవాడు.

ఇట్టి పరిశోధనలకు ఈ గ్రంథమే ఆది కాదు. 1924లో స్వామి కువలయానంద లోణావ్లాలో స్థాపించిన కైవల్యధామమున యోగాభ్యాసములపై ప్రయోగములు జరిగినవి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్‌లు యోగుల మెదడులోని విద్యుత్తరంగములను నమోదు చేసి 1961లో ప్రకటించిరి. బెన్సన్, ఆయన సహచరుడు రాబర్ట్ కీత్ వాలెస్ 1972లో ప్రకటించిన అంకెలు మరింత ప్రసిద్ధికెక్కినవి. నిమిషమునకు 251 ఘన సెంటీమీటర్లుగా నున్న ఆమ్లజని వినియోగము ధ్యానములో 211కు తగ్గి, తరువాత 242కు చేరినది. బొగ్గుపులుసు వాయువు విసర్జన కూడ దాదాపు అదే పాళ్ళలో తగ్గినది. శ్వాసను మార్చుకొన్నందువలననే ఈ తగ్గుదల కలిగినచో రెంటి నిష్పత్తి మారియుండవలెను. మారలేదు గనుక దేహములోని జీవక్రియయే మందగించినదని వారు నిర్ణయించిరి. ఈ తర్కము చక్కనిది, విద్యార్థులు నేర్వదగినది.

గ్రంథములో మిక్కిలి ఉపయోగకరమైన భాగము అభ్యాస విధానము. దానికి కావలసినవి నాలుగే: నిశ్శబ్దమైన చోటు, సుఖముగా కూర్చుండు తీరు, మనస్సును నిలుపుటకు ఒక మాట, ఫలితమును గూర్చి పట్టింపు లేని వైఖరి. కన్నులు మూసికొని, పాదములు మొదలుకొని ముఖము వరకు కండరములను సడలింపవలెను. ముక్కుతో సహజముగా గాలి పీల్చి, విడుచునపుడెల్ల ఎంచుకొన్న మాటను లోలోన అనుకొనవలెను. బెన్సన్ సూచించిన మాట ఇంగ్లీషులో ‘ఒకటి’ అను అంకె పేరు. మనవారికి ‘ఒకటి’ యైనను, ఇష్టదైవము పేరైనను సరిపోవును. వ్యవధి పది నుండి ఇరువది నిమిషములు. గడియారము చూచుటకు కన్ను తెరవవచ్చును గాని అలారం పెట్టరాదు. భోజనమైన రెండు గంటలలోపు కూర్చుండరాదు. ముగిసిన పిదప చటుక్కున లేవక, కొంతసేపు ఊరక కూర్చుండవలెను. క్రొత్తవారు తడబడునది నాలుగవ నియమము దగ్గరనే. ఆలోచనలు వచ్చినంతనే ‘నాకు కుదరలేదు’ అని నిరాశ చెందుదురు. ఆలోచనలు రాక మానవు; వచ్చినదానిని పోనిచ్చి మాటకు మరలుటయే అభ్యాసము. ఈ సంగతిని ఇంత సులువుగా చెప్పుట గ్రంథకర్త గొప్పతనము.

ఇక లోపము. రక్తపుపోటు అధికముగానున్న 36 మందిలో పై అంకె సగటున 146 నుండి 137కు దిగినదని గ్రంథము చెప్పును. కాని ఈ పోలిక వారి పూర్వస్థితితోనే జరిగినది. ధ్యానము చేయక, ఊరక కన్నులు మూసికొని కూర్చున్న మరియొక జట్టు లేదు. కొలతలకు అలవాటుపడినంత మాత్రముననే రక్తపుపోటు కొంత దిగవచ్చును. అట్టి జట్టును ప్రక్కన నిలిపి 1976లో మైకేల్స్, ఆయన సహచరులు పరీక్షింపగా ధ్యానము చేసినవారి రక్తములోను, ఊరక విశ్రమించినవారి రక్తములోను ఎడ్రినలిన్ ఇంచుమించు సమముగనే ఉండెను. 1984లో డేవిడ్ హోమ్స్ అప్పటివరకు జరిగిన ప్రయోగములను సమీక్షించి, దేహమును శాంతింపజేయుటలో ధ్యానము సామాన్య విశ్రాంతిని మించినదనుటకు ఆధారము లేదని తేల్చెను.

అట్లని ధ్యానము నిష్ప్రయోజనమని కాదు. 2014లో 47 ప్రయోగములను, 3,515 మంది ఫలితములను పరిశీలించిన గోయల్ బృందము ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుననుటకు ఆధారములు కనుగొనెను. వ్యాయామము, ఔషధములు మొదలగు చికిత్సలకంటె ఇది మేలనుటకు మాత్రము ఆధారము కనబడలేదు. 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడ ధ్యానమును వైద్యమునకు తోడుగా మాత్రమే అంగీకరించినది. కావున రక్తపుపోటు మాత్రలు మానివేసి ధ్యానమునకు కూర్చుండుట ప్రమాదము. తీవ్రమైన మానసిక వ్యాధి గలవారు వైద్యుని సలహా లేక ఆరంభింపరాదు. కూర్చున్నపుడు భయమో, కలతయో హెచ్చిన విద్యార్థిని బలవంతపెట్టరాదు.

గ్రంథములోని లోటును తరగతిగదిలోనే పాఠముగా మార్చవచ్చును. చీట్లు వేసి విద్యార్థులను రెండు జట్లు చేయవలెను. అందరి నాడిని ఒక నిమిషము లెక్కించిన పిదప, ఒక జట్టు పది నిమిషములు పై విధమున ధ్యానింపవలెను. రెండవ జట్టు ఊరక కన్నులు మూసికొని కూర్చుండవలెను. మరల నాడిని లెక్కించువారికి ఎవరు ఏ జట్టువారో తెలియరాదు. రెండు జట్లలోను నాడి సమముగా తగ్గినచో అదియు ఒక ఫలితమే. ఒక్క జట్టును మాత్రమే చూచినచో ఆ తగ్గుదలనంతయు ధ్యానమునకే ఆపాదించి యుందుము.

ధ్యానము నిగూఢ విద్య కాదని, ఎవరైనను నేర్చి పరీక్షింపదగిన పని యని సామాన్యులకు తెలియజేసినందులకు ఈ గ్రంథము ఉన్నత పాఠశాల గ్రంథాలయములందు ఉండదగినది. దాని అభ్యాస విధానమును యథాతథముగా స్వీకరింపవచ్చును. దాని అంకెలను మాత్రము, ప్రక్కన మరియొక జట్టు ఉన్నదా అని అడిగిన పిదపనే స్వీకరింపవలెను.